ఉమ్మి సీసాల కండక్టరు

ఆయన గొంతు సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత ఎవరైనా ఉలిక్కిపడితే నా పూచీ లేదు. బస్సు వెనక మెట్టు మీద నిలబడి "రైట్!" అన్నాడంటే ముందు సీట్లో పసిపిల్లలు నిద్ర లేచి ఏడుపు అందుకునేవాళ్ళు. డ్రైవరు కాలు దానంతటదే క్లచ్చి మీదకు పోయేది. ఇంజను చెడిపోయినా ఈయన అరిస్తే బస్సు నాలుగడుగులు కదులుతుందని డిపోలో హాస్యమాడేవాళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. డిపోలోనూ, వీధిలోనూ, చివరికి బ్యాంకులోనూ ఆయన "రైట్ గారు" అయి కూచున్నాడు.

రిటైరయ్యాక ఆ గొంతు ఇంట్లో పట్టలేదు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ పక్కన భార్య కుట్టుమిషను, దాని చుట్టూ ఊళ్ళోవాళ్ళ కర్టెన్లు. ఆయన వంటింట్లోంచి "కాఫీ తాగుతావా?" అని అడిగితే ఎదురింటావిడ "వద్దండీ, ఇప్పుడే తాగాను" అని జవాబు చెప్పేది. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు భార్య మిషను ఆపి తీర్పు చెప్పేసింది.

"ఏవండీ, ఈ గొంతుకి ఎక్కడైనా పని చూడండి. లేదా నాకు వేరే ఇల్లు చూడండి."

పని దొరికింది. దొరికిన చోటు చూస్తేనే నవ్వొస్తుంది. వాళ్ళ వీధి గుట్ట మీదకు మెట్లు మెట్లుగా పోతుంది. పైన ఒక పరిశోధన కేంద్రం ఉంది. దాని వెనక నడుమెత్తు మొక్కలు, మందమైన ఆకులు, పల్చని కాగితంలాంటి తొడుగుల్లో ఎర్రటి పళ్ళు. అశ్వగంధ. పాతవాళ్ళు పెన్నేరు అంటారు. వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి పొడి చేస్తే గుర్రం చెమట వాసన వేస్తుంది. నిద్ర పట్టనివాళ్ళకీ, నీరసించినవాళ్ళకీ, ఊరికే కంగారు పడేవాళ్ళకీ ముసలమ్మలు తరతరాలుగా దీన్ని పాలల్లో కలిపి పట్టిస్తున్నారు. ముసలమ్మల మాట ఎంతవరకు నిజమో తేల్చాలని కేంద్రంలో ఒక డాక్టరమ్మ నడుం కట్టింది. పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు, మాట్లాడేటప్పుడు పెన్ను మూత నమిలే అలవాటు.

ఆమె ఏర్పాటు ఇదీ. వీధిలో కంగారు మనుషులు కొందర్ని పోగుచేసింది. సగం మందికి వేరు పొడి బిళ్ళలు, సగం మందికి ఉత్త పిండి బిళ్ళలు. వాసన పట్టేసి ఎవరూ కనిపెట్టకుండా రెండు రకాలనీ వేరు ముక్కలున్న డబ్బాల్లోనే ఉంచింది. ఎవరికి ఏది వెళుతోందో ఆమెకు కూడా తెలియదు. ఆ గుట్టు పెద్ద ఆఫీసువాళ్ళ దగ్గర సీలు వేసి ఉంది. పొద్దున లేవగానే ప్రతి ఒక్కరూ ఒక దూది ఉండ నమిలి, ఉమ్మితో తడిసిన ఆ దూదిని చిన్న సీసాలో వేసి మూత పెట్టాలి. అరగంట తర్వాత ఇంకోటి. ఒంట్లో కంగారు ఎంతుందో ఆ ఉమ్మిలో కొలుస్తారట. ఆ సీసాలు మంచు పెట్టెలో పెట్టుకుని పైకి తేవడానికి మెట్లెక్కే ఓపిక, జనంతో మాట్లాడే చాకచక్యం ఉన్న మనిషి కావాలి. రైట్ గారికి రెండూ ఉన్నాయి. రెండోది కొంచెం ఎక్కువే ఉంది.

"టికెట్లు కొట్టిన చేతికి ఉమ్మి సీసాలా!" అని భార్య ముక్కు మీద వేలేసుకుంది.

"నీకేం తెలుసు? అది సైన్సు," అన్నాడాయన. ఆ మాట కిందింటివాళ్ళకు కూడా వినబడింది.

వీధి మొదట్లో సైకిలు ఆపి మెట్లెక్కి దిగడం, ఇంటింటికీ తిరగడం ఆయనకు కొత్త ప్రాణం పోసినట్టయింది. బేకరీ నడిపే ఆవిడ, రాత్రి డ్యూటీల నర్సమ్మ, పై అంతస్తులో ఒంటరిగా ఉండే వయొలిన్ మాష్టారు, అందరూ ఆయనకు ప్రయాణికులైపోయారు. డాక్టరమ్మ చెప్పింది ఒకటే. వాళ్ళంతట వాళ్ళు లేవాలి, మొదటి సీసా వాళ్ళే నింపాలి, తర్వాత ఈయన తీరుబడిగా వెళ్ళి రెండోది దగ్గరుండి నమిలించి రెండూ తెచ్చేయాలి. వినడానికి చిన్న పనే. కానీ కండక్టరు బుద్ధి ఊరుకుంటుందా? టికెట్ లేని ప్రయాణికుడు ప్రతి బస్సులోనూ ఒకడు ఉంటాడని ఆయన నమ్మకం. వీళ్ళలో ఎవరో మొద్దు నిద్రపోతారు, ఎవరో దొంగతనంగా కాఫీ తాగేసి దూది నములుతారు, డాక్టరమ్మ కష్టం కాస్తా గంగపాలవుతుంది. అలా జరగనిస్తానా అని చెప్పిన వేళకంటే ముందే బయల్దేరి, ఒక్కో తలుపూ దబదబా బాది, "లేవండి లేవండి! స్టేజీ వచ్చింది! ఉమ్మి, ఉమ్మి!" అని కేకలు పెట్టేవాడు. తలుపు తీశాక "ఏదీ, నోరు తెరవండి, కాఫీ వాసన వస్తోందా లేదా?" అని తనిఖీ కూడా చేసేవాడు. ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషి దొరకడం డాక్టరమ్మ అదృష్టమని తనలో తనే మురిసిపోయేవాడు.

మొదటి నెల లెక్కలు వచ్చాక డాక్టరమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"బాబాయ్, అందరి లెక్కలూ ఆకాశంలో ఉన్నాయి," అంది పెన్ను మూత కొరుకుతూ. "బిళ్ళలు మొదలుపెట్టక ముందు ఇక్కడే పడుకోబెట్టి తీసిన లెక్కల కంటే రెట్టింపు. వేరు వేసుకున్నవాళ్ళకైనా తగ్గాలిగా? ఒక్కరికీ తగ్గలేదు. పెద్ద ఆఫీసువాళ్ళు ఇంకొక్క నెల చూస్తామన్నారు. అప్పటికీ ఇంతే అయితే మూసేయమన్నారు. నాలుగేళ్ళ నుంచి ఈ మొక్కల చుట్టే తిరుగుతున్నాను బాబాయ్."

రైట్ గారు చేతిలో మంచు పెట్టె కింద పెట్టాడు. "నేను ఇంకా గట్టిగా చూసుకుంటానమ్మా. ఎవరో కాఫీ తాగేస్తున్నట్టున్నారు," అన్నాడు.

"నేనూ రేపు మీ వెనక వస్తాను," అంది ఆమె. ఇద్దరికీ కారణం అంతుపట్టలేదు.

మర్నాడు ఆమె ఆయన వెనకే వయొలిన్ మాష్టారి మెట్లెక్కింది. రైట్ గారు గొంతు సవరించుకున్నాడు. డాక్టరమ్మ ఎదుట పనితనం చూపించాలి కదా, అందుకని మామూలు కంటే ఒక మెట్టు ఎక్కువే పెంచాడు.

"స్టేజీ వచ్చింది మాష్టారూ! ఉమ్మి!"

లోపల ఏదో పెద్దది కిందపడి దొర్లింది. కుర్చీయో, మాష్టారో తెలియలేదు. మెట్ల మీద డాక్టరమ్మ గోడకు అతుక్కుపోయి, తన మణికట్టు తనే పట్టుకుని నాడి చూసుకుంటోంది. కళ్ళద్దాలు జారి ముక్కు చివర ఉన్నాయి. మాష్టారు తలుపు తీశాడు. పంచె ఊడిపోకుండా ఒక చెయ్యి, గుండె మీద ఒక చెయ్యి.

"రోజూ ఇంతేనా?" అని నీరసంగా అడిగింది డాక్టరమ్మ.

"రోజూ ఇంతేనమ్మా," అన్నాడు రైట్ గారు గర్వంగా.

అక్కడే, ఆ మెట్ల మీదే కూచోబెట్టి ఆమె ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పింది.

"మీ బస్సులో బెల్లు ఉంటుంది కదా బాబాయ్. మెదడులోనూ ఒకటి ఉంది. ప్రమాదం అనిపించగానే అది మోగుతుంది. ఆ కబురు మూత్రపిండాల మీద టోపీల్లా కూచున్న గ్రంథులకు వెళుతుంది. అవి కార్టిజాల్ అనే రసాన్ని నెత్తుట్లోకి వదులుతాయి. గుండె దడ, చెమట, కంగారు, ఆ హడావిడంతా కలిసి ఒళ్ళు పరుగుకి సిద్ధమైపోతుంది. కొంత ఉమ్మిలోకీ వస్తుంది. మనం కొలిచేది దాన్నే."

"బెల్లు మోగడం తప్పా అమ్మా?"

"మోగకపోతే మనిషి లారీ కింద పడతాడు. మోగిన బెల్లు ఆగకపోవడమే జబ్బు. ఈ వేరు ఆ బెల్లు త్వరగా సద్దుమణిగేలా చేస్తుందేమో అని నా ఆశ. కానీ పొద్దున్నే మీరు వెళ్ళి అందరి బెల్లూ పట్టుకుని లాగుతున్నారు. నా వేరు ఏం చేస్తుంది పాపం?"

కాఫీ దొంగల కోసం ఊరంతా గాలించినవాడికి అసలు దొంగ తనే అని తెలిస్తే ఎలా ఉంటుంది?

"నన్ను తీసెయ్యండమ్మా," అన్నాడు. ఆయన మాట పక్కవాళ్ళకు వినబడకపోవడం బహుశా అదే మొదటిసారి.

"తీసేస్తే ఈ మెట్లెవరెక్కుతారు? నోరు కట్టేసుకోండి చాలు. నేను చెప్పిన వేళకే వెళ్ళండి. ఒక్క మాట మాట్లాడకండి."

సరే అన్నాడు. మర్నాటి నుంచి నోటికి తాళం వేసుకున్నాడు. వేలి కొసతో తలుపు తట్టడం, కళ్ళు దించుకుని సీసాలు తీసుకోవడం, పిల్లిలా మెట్లు దిగిపోవడం. నోరు విప్పితే ఎక్కడ మాట జారుతుందోనని దవడలు బిగించుకునేవాడు. దాంతో ముఖం చావు కబురు మోసుకొచ్చిన మనిషి ముఖంలా తయారైంది.

ఇక చూడండి వీధి తమాషా. బేకరీ ఆవిడ పిండి చేతులతోనే ఆయన చొక్కా పట్టుకుంది.

"అన్నయ్యగారూ, నా ఉమ్మిలో ఏం కనబడింది? నా దగ్గర దాచకండి. పిల్లలు చిన్నవాళ్ళు."

ఆయన ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె దాన్ని ఇక లాభం లేదన్నట్టుగా తీసుకుని, బల్ల మీదకు వాలిపోయి బావురుమంది. నర్సమ్మ తనంతట తానే వెళ్ళి రకరకాల రక్తపరీక్షలు చేయించుకుంది. వయొలిన్ మాష్టారు మాత్రం పెద్దమనిషి తరహాలో అడిగాడు.

"రైట్ గారూ, నాకు ఎన్నాళ్ళుందో చెప్పేయండి. వచ్చే నెల కచేరీ ఒప్పుకున్నాను. ఇంకొకర్ని చూసుకోమని చెప్పాలి కదా."

ఈయన నీళ్ళు నమిలాడు. మాష్టారు గోడకు తగిలించిన వయొలిన్ వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, "అర్థమైంది లెండి," అన్నాడు. వారం తిరిగేసరికి లెక్కలు ముందుకంటే పైకి పోయాయి. డాక్టరమ్మ తల పట్టుకుంది. అరిస్తే ఒక బాధ, నోరు మూసుకుంటే ఇంకో బాధ. నెల కరిగిపోతోంది.

ఆ సాయంత్రం రైట్ గారు కర్టెన్ గుట్టల మధ్య కూలబడ్డాడు. భార్య మిషను తొక్కుతూనే ఒక కంట ఆయన్ని చూస్తోంది. ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండాలని ఏళ్ళ తరబడి కోరుకుంది ఆ మనిషి. ఇప్పుడది చెవుల్లో గింగురుమంటోంది.

"ఏమిటండీ ఈ మౌనవ్రతం? నాకు భయమేస్తోంది," అంది.

ఆయన జరిగిందంతా చెప్పుకొచ్చాడు. "ఆ పిల్ల నాలుగేళ్ళ కష్టం నా నోటి మూలంగా మట్టి కొట్టుకుపోతోందే. అరిచినా నేనే, అరవకపోయినా నేనే. నా గొంతే శని. ఇన్నేళ్ళు నువ్వెలా భరించావో నాకు తెలీదు. నీకు గుండె దడ రాలేదా?"

భార్య మిషను ఆపింది. నిజంగానే ఆలోచించింది.

"రాలేదు," అంది ఆశ్చర్యంగా. "ఆఖరి ట్రిప్పు ముగించుకుని మీరు చీకట్లో వచ్చేవారు. తలుపు బద్దలయ్యేట్టు పిలిచేవారు. పక్కింటివాళ్ళు హడలి చచ్చేవాళ్ళు. నేను మాత్రం అప్పటికే గొళ్ళెం మీద చెయ్యి వేసి ఉండేదాన్ని."

"ఎలా?"

"మీరు వీధి మొదట్లో దగ్గుతారు కదా."

"నేనా? ఎప్పుడూ దగ్గలేదే!"

"ప్రతి రోజూ దగ్గారు. పాన్ షాపు దాటగానే ఖళ్ళు ఖళ్ళుమని రెండుసార్లు. అది వినగానే ఈయనొచ్చేశారు, ఇక అరుస్తారు అనుకునేదాన్ని. అనుకున్నాక ఇంక భయమేముంది? చప్పుడుకి కాదండీ జనం హడలేది. చెప్పాపెట్టకుండా వచ్చేదానికి. ఇన్నాళ్ళూ మీరు చెప్పకుండా అరిచారు. ఇప్పుడు చెప్పకుండా మూగబోయారు. పాపం వాళ్ళేం చేస్తారు?"

రైట్ గారు లేచి నిలబడ్డాడు. వెంటనే భార్యను ముద్దు పెట్టుకుందామనుకున్నాడు కానీ ఆమె అప్పటికే నోట్లో గుండుసూదులు పెట్టేసుకుంది. చెప్పులు వేసుకుని మెట్లెక్కి పరుగెత్తాడు.

డాక్టరమ్మ అంతా విని పెన్ను మూత నోట్లోంచి తీసేసింది. "పిన్ని చెప్పింది అక్షరాలా నిజం బాబాయ్. ముందే తెలిసినదానికి మెదడు అంతగా బెల్లు కొట్టదు. ఇది పుస్తకాల్లో చదివి కూడా నా కళ్ళెదుట మీరున్నారని మరిచిపోయాను." తర్వాత వేలెత్తింది. "కానీ దగ్గు వద్దు. వీళ్ళసలే కంగారు మనుషులు. దగ్గితే ఇంకో జబ్బు అనుకుంటారు."

అప్పుడు రైట్ గారికి సైకిలు బెల్లు గుర్తొచ్చింది. బస్సులో ఒక బెల్లు అంటే ఆపు, రెండు బెల్లులు అంటే కదులు, అంతా బాగుంది, రైట్ అని. ఆ మర్నాడు డాక్టరమ్మ ఇంటింటికీ వచ్చి, ఎవరికీ ఏ జబ్బూ లేదని, ఈయన నోరు కట్టేసింది తనేనని ఒట్టేసి చెప్పింది. రోజూ ఒకే వేళకు వీధి మొదట్లో రెండు బెల్లులు వినబడతాయని, అవి వినబడితే రైట్ గారు వస్తున్నట్టని అందరికీ వివరించింది. పాడైన లెక్కలన్నీ కొట్టిపారేసి, జరిగిన పొరపాటు దాచకుండా పెద్ద ఆఫీసుకు చెప్పింది. వాళ్ళు సణుక్కుంటూ మరికొంత గడువిచ్చారు. అదే ఆఖరన్నారు.

ట్రింగ్ ట్రింగ్. మొదటి రోజు జనం కిటికీల్లోంచి అనుమానంగా తొంగి చూశారు. కొన్నాళ్ళకు తొంగి చూడడం మానేశారు. బెల్లు మోగితే బేకరీ ఆవిడ నవ్వుతూ దూది బుగ్గన పెట్టుకునేది. నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో కూచుని ఎదురుచూసేది. మాష్టారు సీసాతో పాటు రెండు మాటలు కూడా సిద్ధంగా పెట్టుకునేవాడు. రైట్ గారు మామూలు మనుషుల్లా మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడని ఆయన అనుకున్నాడు లెండి, కిందింటివాళ్ళు ఒప్పుకోరు. లెక్కలు దిగడం మొదలుపెట్టాయి. డాక్టరమ్మ ఆ కాగితాలు చూసి కుర్చీలోనే గంతులేసింది.

గుట్టు విప్పే రోజు వచ్చింది. కేంద్రం హాల్లో కుర్చీలు వేశారు. వీధి వీధంతా వచ్చింది. ముందు వరసలో పెద్ద ఆఫీసువాళ్ళు మూతులు బిగించుకుని కూచున్నారు. డాక్టరమ్మ కాగితం పట్టుకుని లేచింది. లేచి నిలబడింది, అంతే. కాగితం గజగజ వణుకుతోంది, నోట మాట రావడం లేదు. ఊరందరి బెల్లుల గురించీ చదివిన మనిషికి తన బెల్లు ఆగడం లేదు. చిట్టచివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డ రైట్ గారికి ప్రాణం గిలగిల్లాడింది. జేబు తాళాల గుత్తితో ఇనుప కుర్చీ మీద టింగ్ టింగ్ అని రెండుసార్లు కొట్టాడు.

"రైట్, తల్లీ," అన్నాడు, చాలా మెల్లగా.

హాలంతా నవ్వేసింది. ఆమె కూడా నవ్వి చదివింది. అశ్వగంధ వేసుకున్నవాళ్ళలో పొద్దుటి బెల్లు బాగా సద్దుమణిగింది. పిండి వేసుకున్నవాళ్ళలోనూ కొంత తగ్గింది కానీ అంత కాదు. ముసలమ్మల మాట గాలికి పోయేది కాదు. "కానీ ఇది ఒక్క వీధి మాటే," అని హెచ్చరించింది. "ఇది విని ఎవరూ డబ్బాలు తెచ్చుకుని మింగకండి. కడుపుతో ఉన్నవాళ్ళూ, థైరాయిడ్ మందులు వాడేవాళ్ళూ డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు." పెద్ద ఆఫీసువాళ్ళలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పి తలూపాడు. పని కొనసాగుతుందని తెలిశాక డాక్టరమ్మ అందరి ఎదుటా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

తర్వాత ఎవరు ఏం మింగారో చెప్పారు. బేకరీ ఆవిడది వేరు బిళ్ళ. నర్సమ్మదీ అదే. మాష్టారిది పిండి.

"పిండా?" మాష్టారు లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ నేను మింగింది పిండా? మరి మొన్న కచేరీలో నా చెయ్యి వణకలేదే! నలభై ఏళ్ళలో మొదటిసారి వణకలేదు."

"అది నా లెక్కకు అందలేదు మాష్టారూ," అంది డాక్టరమ్మ, చివరి వరస వైపు చూస్తూ.

మాష్టారూ అటే చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "అయితే రేపటి నుంచి పొద్దున ఆ రెండు బెల్లులు ఉండవన్నమాట."

రైట్ గారు ఖాళీ మంచు పెట్టె చంకన పెట్టుకున్నాడు. సీసాలు అయిపోయాయి, పని అయిపోయింది. ఇంటికి వచ్చి మంచు పెట్టె కడిగి ఆరబెట్టాడు.

మర్నాడు అలవాటు కొద్దీ అదే వేళకు మెలకువ వచ్చింది. లేవాల్సిన అవసరం లేదు కాబట్టి కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఇటు పొర్లాడు, అటు పొర్లాడు. పక్కన భార్య కళ్ళు తెరవకుండానే అంది, "సైకిలు తాళం గూట్లో ఉంది. బెల్లుకి నూనె కూడా వేశాను."

ఆయన మారు మాట్లాడకుండా చొక్కా తగిలించుకున్నాడు. వెనక కేరియరు మీద పెట్టె లేదు. చేతిలో సీసా లేదు. వీధి మొదట్లో సైకిలు ఆపి బెల్లు మీద వేలు పెట్టాడు. ఎవరికోసం కొడుతున్నాడో తెలియక ఒక్క క్షణం సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత కొట్టాడు.

బేకరీ తలుపు సందులోంచి పిండి చెయ్యి ఒకటి గాల్లో ఊగింది. నర్సమ్మ గుమ్మంలో దీపం వెలిగింది. పై అంతస్తు కిటికీ తెరుచుకుంది, అందులోంచి వయొలిన్ రెండు చిన్న స్వరాలు పలికి ఆగింది, అచ్చం బెల్లు లాగే. రైట్ గారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్ని నెలలుగా గొంతులో అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. తల పైకెత్తి, గుండెల నిండా గాలి పీల్చి, వీధి అదిరిపోయేట్టు అరిచాడు.

"రైట్!"

ఎవరూ ఉలిక్కిపడలేదు.